పదకొండు నట్లకు కొసరు

ముందు పోయినవన్నీ లెక్కపెట్టేస్తాను. కారు ఇంజను మీద మూతలా కూర్చునే భాగాన్ని హెడ్డంటారు. దాన్ని పట్టి ఉంచే ఇనుప కడ్డీలను స్టడ్లంటారు. అవి మూడు విరిగిపోయాయి. హెడ్డుకూ ఇంజనుకూ మధ్య పరిచే రాగిరేకు గ్యాస్కెట్లు మూడు పోయాయి. నట్లు నాలుగు పోయాయి. వాటిలో మూడు స్టడ్లతోపాటే పోయాయి, నాలుగోది మాత్రం ఎవరూ ఏమీ అనకుండానే దొర్లుకుంటూ వెళ్ళి మురుక్కాలవలో పడింది. నా కుడిచేతి చిటికెనవేలి గోరు పోయింది, మళ్ళీ వచ్చింది. మా ఆవిడ ఉతికి ఆరేసిన నా తెల్లపంచె ఒకటి గ్రీజు గుడ్డయిపోయింది. వాషర్లు లెక్కపెట్టలేదు. వాషర్ల లెక్క సరిగ్గా చెప్పగలిగిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

ఇన్ని పోయినా, ఆ నెలరోజులు తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వే వస్తుంది.

అరవైల మొదట్లో మాట. శేర్లూ వీశెలూ పోయి కిలోలు కొత్తగా వచ్చిన రోజులు. నేను గుంటూరులో ఒక పత్తి జిన్నింగు మిల్లులో కాటా గుమస్తాను. పొద్దున్నించి సాయంత్రం దాకా పత్తి బోరేలూ, పత్తిగింజల బస్తాలూ తూచటం నా పని. బడి అయిదో తరగతితో ఆగిపోయింది కానీ లెక్కలు ఆగలేదు. ఏది కనిపించినా ఎంత బరువుంటుందో, ఎంత పొడవుంటుందో అనుకోకుండా ఉండలేను. అన్నం తింటూ కంచం చుట్టుకొలత అంచనా వేస్తానని మా ఆవిడ ఫిర్యాదు. అది అబద్ధం కాదు.

మా అత్తగారికి చిలకలూరిపేట దగ్గర ఆరెకరాల నల్లరేగడి ఉండేది. మామగారు పోయాక ఆవిడే దగ్గరుండి మిరప వేయించేవారు. మా ఆవిడ ఒక్కతే కూతురు కాబట్టి, నాట్లప్పుడూ కోతలప్పుడూ తప్ప మా ఇంట్లోనే ఉండేవారు. ఆ ఏడు మిరపకు మంచి ధర పలికింది. కాయలు అమ్మి వచ్చిన మర్నాడు ఆవిడ నన్ను పిలిచారు.

"అల్లుడుగారూ, మా నాన్న గుర్రబ్బండి మీద తిరిగాడు. మీ మామగారు సైకిలు మీద తిరిగారు. నేను మాత్రం ఎద్దుబండి దిగలా. ఒక కారు చూడండి."

ఊరు మారి వెళ్ళిపోతున్న ఒక డాక్టరు దగ్గర నాలుగు తలుపుల చిన్న ఇంగ్లీషు కారు దొరికింది. రంగు ఒకప్పుడు ఆకుపచ్చ. దాంతోపాటు ఆయన ఒక సన్నటి పుస్తకం కూడా ఇచ్చాడు. కారును ఇంట్లోనే ఎలా బాగు చేసుకోవాలో అందులో ఉంది. డ్రైవింగు మిల్లు లారీ డ్రైవరు దగ్గర నేర్చుకున్నాను. పుస్తకం మాత్రం నిఘంటువు పక్కన పెట్టుకుని నాకు నేనే చదువుకున్నాను.

కారు కొనమనటానికి ఆవిడ దగ్గర ఒకే ఒక్క కారణం ఉంది. అరవై దగ్గరపడుతున్నా ఆవిడ సముద్రం చూడలేదు. ఒంగోలు దాటి సింగరాయకొండ వెళ్ళి, స్వామి దర్శనం చేసుకుని, అక్కడికి దగ్గరే ఉన్న సముద్రంలో మునగాలి. అదీ కోరిక.

"రైలెక్కితే పూట తిరక్కుండా అక్కడ దిగొచ్చు అత్తయ్యగారూ" అన్నాను.

"రైల్లో ఎవరన్నా పోతారు. రైలు నా మిరపకాయలతో కొన్నారా ఏంది?"

వానలు తగ్గాక ఒకరోజు తెల్లవారుజామున బయలుదేరాం. వెనక సీటులో అత్తగారు, పులిహోర గిన్నె, ఒక బిందె. బిందె సముద్రపు నీళ్ళకట. ఊరు దాటి ఏడు మైళ్ళు వెళ్ళామో లేదో, ఇంజను ముసలాడు దగ్గినట్టు దగ్గి, తెల్లటి ఆవిరి కక్కి ఆగిపోయింది. గ్యాస్కెట్టు పేలిందని నాకు పుస్తకం వల్ల తెలిసింది. తెలిసి మాత్రం ఏం లాభం?

పత్తిగింజలు దించి ఖాళీగా వెళుతున్న ఎద్దుబండి ఒకటి దొరికింది. బండివాడు మోకు తెచ్చి కారు ముందర కట్టాడు. బరువు తగ్గుతుందని నేనూ మా ఆవిడా దిగి నడిచాం. అత్తగారు దిగలేదు.

"అమ్మా, ఎద్దులు లాగలేవే, దిగవే" అంది మా ఆవిడ.

"కార్లో బయల్దేరాను, కార్లోనే ఇంటికొస్తాను."

"ఏం ఫర్లేదమ్మగారూ, కూకోండి" అని బండివాడు నవ్వాడు. "మా ఎద్దులక్కూడా కారు లాగామని చెప్పుకోటానికి ఉండొద్దా!"

ఆ ఏడు మైళ్ళూ ఆవిడ బిందె ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చునే వచ్చారు. దారిలో ఎదురైనవాళ్ళందరికీ దణ్ణం కూడా పెట్టారు. ఇల్లు చేరి కారు దిగాక మాత్రం నావైపు చూడలేదు. ఆవిడకు కోపమొస్తే నాతో మాటలు కూతురి ద్వారా నడుస్తాయి. నేను మూడడుగుల దూరంలో కూర్చుని ఉన్నా సరే.

"మీ ఆయనతో చెప్పవే. కార్తీక పౌర్ణమికి నేను సముద్రంలో మునగాలి. ఆ కారు తీసుకెళ్తే సరే. లేదంటే మర్నాడే అమ్మెయ్యమను. రెండు గేదెల్ని కొనుక్కుంటాను. గేదెలైతే నడుస్తాయి."

పౌర్ణమికి ఇంకా నెల ఉంది. ఆ కారు నా డబ్బుతో కొన్నది కాదు. కానీ నా చేత్తో తుడిచి, నా చేత్తో నడిపిన మొదటి యంత్రం అది. అది పోతుందంటే నాకు అన్నం సయించలేదు. కంచం చుట్టుకొలత కూడా చూడబుద్ధి కాలేదు.

కొత్త గ్యాస్కెట్టు తెచ్చి, ఒక ఆదివారం పొద్దున్నే వాకిట్లో పని మొదలుపెట్టాను. హెడ్డు విప్పటం, మసి గీకటం, గ్యాస్కెట్టు వేసి మళ్ళీ కూర్చోబెట్టటం, అన్నీ పుస్తకంలో చెప్పినట్టే జరిగాయి. ఇక పదకొండు నట్లు బిగించాలి. నట్లను నలభై పౌండు-అడుగులకు బిగించమని పుస్తకం చెప్పింది. అంటే అడుగు పొడవున్న పానాను చివర పట్టుకుని నలభై పౌన్ల బలంతో లాగాలన్నమాట. అర్థమైంది. కానీ నా చెయ్యి ఎన్ని పౌన్లు లాగుతోందో నాకెలా తెలుస్తుంది? బస్తా ఎత్తి బరువు చెప్పగలను గదా, ఇది మాత్రం చెప్పలేనా అనుకున్నాను.

అత్తగారు అరుగు మీద కూర్చుని చూస్తున్నారు. కోపం ఇంకా తీరలేదు కానీ కొలత జరిగేచోట నోరు మూసుకుని ఉండటం ఆవిడ వల్ల కాదు. నేను నట్టు బిగించినప్పుడల్లా కళ్లంలో కాయలు కొలిచినట్టే లెక్క చెప్పారు. ఒకటి అనరు, లాభం అంటారు. "లాభం... రెండు... మూడు..." ప్రతి నట్టు చివరా ఒక మాట కలిపారు. "ఏమే, కొసరు వెయ్యమను."

కొసరు వేశాను. కొలత పూర్తయ్యాక ఇంకొంచెం వెయ్యకపోతే మాకు చెయ్యి ఆడదు. పాలు పోసినా, పత్తిగింజలు తూచినా, మిరపకాయలు కొలిచినా అంతే. అయిదో నట్టుకు కొసరు వేస్తుండగా చేతికింద ఏదో మెత్తగా జారి, 'టిక్' మంది. పానా, నట్టు, సగం స్టడ్డు నా చేతిలోకి వచ్చాయి. నా గోరు పోయింది అప్పుడే.

మా వీధి చివర షెడ్డులో ఒక సాయిబు మేస్త్రీ ఉండేవాడు. మంచి పనివాడు, అంతకు మించిన మాటకారి. వచ్చి, విరిగిన ముక్కను వేళ్ళ మధ్య తిప్పి చూశాడు.

"పుస్తకం చదివి బిగించారా గుమస్తాగారూ?"

"అవును."

"స్టడ్డుకు చదువు రాదు గదండీ! చెయ్యికి తెలియాలి. ఇరవై ఏళ్ళుగా బిగిస్తున్నా, ఈ చెయ్యే నాకు పుస్తకం. చూడండి, మీరు బిగించిన మిగతావి ఎట్టా వదులున్నాయో." పానా తీసుకుని పక్క నట్టు మీద వేసి, ఒక్క ఊపు ఊపాడు.

'టిక్' మంది.

అత్తగారే ముందు నోరు విప్పారు. "చెయ్యి పుస్తకంలో ఒక పేజీ చిరిగిందయ్యా!"

మేస్త్రీ పడీ పడీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ రోజు తర్వాత అత్తగారు నాతో నేరుగా మాట్లాడటం మొదలుపెట్టారు. హెడ్డు మళ్ళీ విప్పి, రెండు స్టడ్ల ముక్కలనూ మేస్త్రీయే బరమాతో తొలిచి తీశాడు. ఒకసారి నలిగిన గ్యాస్కెట్టు మళ్ళీ పనికిరాదు, అదీ పోయింది. రెండోదానికి కూలి తీసుకోనన్నాడు.

చెయ్యిని నమ్మి లాభం లేదని తేలింది. చేతిని తూచే కాటా కావాలి. మిల్లులో మూలపడి ఉన్న స్ప్రింగు కాటా ఒకటి అడిగి తెచ్చాను. దాని కొక్కేన్ని పానా చివర తగిలించి, కాటాను పట్టుకుని లాగితే ఎన్ని పౌన్లో అదే చెబుతుంది. రెండు రోజులు దాంతో ఆడాను. లెక్క సరైనదే కానీ పని కుదరలేదు. కాటాను పానాకు సరిగ్గా అడ్డంగా లాగితేనే అంకె నిజం చెబుతుంది. కాస్త వాలితే ముల్లు ఒకటి చూపిస్తుంది, నట్టు మీద పడే బలం ఇంకొకటి ఉంటుంది. పైగా బానెట్టు కింద అంత చోటేదీ? కొక్కెం రెండుసార్లు జారి, నేను రెండుసార్లు వెల్లకిలా పడ్డాను. రెండోసారి పట్టుకున్నది ఆరేసిన పంచెను.

అంకె చూపించే పానాలు వేరే ఉన్నాయని, టార్క్ రెంచీలంటారని మేస్త్రీయే చెప్పాడు. విజయవాడలో పనిముట్ల దుకాణాల్లో దొరుకుతాయట. "కానీ ఎందుకండీ? దాని మీద ఒక ముల్లు ఉంటుందంట. పానా పట్టుకుని టైమెంతయిందని చూసుకోవాలి!"

మర్నాడు నేను విజయవాడ బయలుదేరుతుంటే అత్తగారు కూడా వస్తానన్నారు. కొనేది ఆవిడ కారుకు కాబట్టి ఎంపిక కూడా ఆవిడదేనట. మంగళగిరి దాటి, తాడేపల్లి దగ్గర బస్సు బ్యారేజీ ఎక్కగానే ఆవిడ కిటికీలోంచి కృష్ణను చూసి అడిగారు. "సముద్రం దీనికి ఎన్నింతలు ఉంటుందండీ?"

లెక్క చెప్పలేకపోయిన ప్రశ్న నా జన్మలో అదొక్కటే.

దుకాణదారు మూడు రెంచీలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి చెయ్యంత పొడవుంది, లారీలకు. రెండోది నున్నగా మెరుస్తోంది. పిడి తిప్పి అంకె పెట్టుకుంటే, ఆ అంకెకు రాగానే టక్కుమంటుంది. మూడోది చూడటానికి ఏమీ బాగాలేదు. ఒక ఉక్కు కడ్డీ, దాని మీద సన్నటి ముల్లు, పిడి దగ్గర అంకెలున్న రేకు. నట్టును బిగించేటప్పుడు కడ్డీ ఇసుమంత వంగుతుంది, ముల్లు వంగదు. ఆ తేడానే అంకెలో కనిపిస్తుంది.

"ఈ టక్కుమనేది తీసుకోండమ్మా" అన్నాడతను. "చూడనక్కర్లా. చెవితో వినొచ్చు."

అత్తగారికి అది నచ్చింది. "మాట్లాడే పానా! ఇదే బాగుందండీ."

"తూచి చూద్దాం అత్తయ్యగారూ" అన్నాను.

దుకాణంలో ఇనుప వస్తువుల్ని కదలకుండా బిగించి పట్టే వైసు ఒకటి ఉంది. పక్క పచారీ కొట్టులో తూకపు రాళ్ళు అడిగి తెచ్చుకున్నాను. లారీ రెంచీని ముందే పక్కన పెట్టాను. దాని మీద అంకెలు మూడొందల దాకా ఉన్నాయి. నలభై అనేది ఎక్కడో మొదట్లోనే, రెండు గీతలకు మధ్య నలిగిపోతోంది. పత్తి బోరెం తూచే కాటాలో జీలకర్ర తూచకూడదు. మనకు కావలసిన అంకె కాటాకు నడిమధ్యలో ఉండాలి. మూడోదాంట్లో ఎనభై దాకా ఉన్నాయి, అంటే నలభై సరిగ్గా మధ్యలోనే ఉంది. చక్రాల నట్లకూ, ప్లగ్గులకూ కూడా అదే సరిపోతుంది.

వైసులో బిగించి, నట్టు పట్టే చోటినుంచి పిడి మధ్య చీల దాకా కొలిచాను. పదహారంగుళాలు. అడుగు దూరంలో నలభై పౌన్లు ఎంత పని చేస్తాయో, పదహారంగుళాల దూరంలో ముప్పై పౌన్లు అంతే పని చేస్తాయి. ముప్పై పౌన్లంటే పదమూడు కిలోల ఆరొందల గ్రాములు. ముందు ఖాళీగా ముల్లు ఎక్కడుందో చూసుకున్నాను. అది గోతం బరువులాంటిది, తీసెయ్యాలి. తర్వాత పదీ, రెండూ, ఒకటీ, అరా, వంద గ్రాములూ ఒక సంచిలో వేసి పిడికి వేలాడదీశాను. ముల్లు కదిలి, కదిలి, నలభై దగ్గర నిలబడింది. గీత మీద గీత.

నాకైతే ఒళ్ళు పులకరించింది. కిలోలూ, పౌన్లూ, అంగుళాలూ ముగ్గురూ మూడు ఊళ్ళనుంచి వచ్చి ఒకే గుమ్మం ముందు కలుసుకున్నట్టనిపించింది.

మెరిసేదాన్ని కూడా అలాగే చూశాను. అది ఒకసారి సంచి పూర్తిగా నిండకముందే టక్కుమంది, ఇంకోసారి నిండాక కూడా మాట్లాడలేదు. ఎన్నాళ్ళుగానో పిడి బిగించి అలాగే పెట్టి ఉంచటం వల్ల లోపలి స్ప్రింగు అలిసి ఉంటుందని దుకాణదారే ఒప్పుకున్నాడు. కొత్తది తెప్పిస్తానన్నాడు. కానీ నాకు ముల్లే నచ్చింది. అది తప్పు చెబితే ఇంట్లో రాళ్ళు పెట్టి పట్టుకోవచ్చు. దాచుకోవటానికి దానికి కడుపు లేదు.

అత్తగారు రెంచీని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు. "సరే. దీనికి కొసరేం ఇస్తావయ్యా?"

"రెంచీకి కొసరేందమ్మా?"

"కొసరు లేని బేరం ఎక్కడన్నా ఉందా? ఇంత దూరం నదిని దాటుకుని వచ్చాం."

అతను తల గోక్కుని ఒక చిన్న గ్రీజు డబ్బా ఇచ్చాడు. దారంతా ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుని వచ్చారు.

ఇక అంతా సవ్యంగానే జరగాలి. కానీ ఈ కథలో మూడో స్టడ్డు ఇంకా విరగలేదు గదా.

మళ్ళీ ఆదివారం. ముల్లును ఎదురుగా నిలబడి చూస్తేనే అంకె నిజంగా కనిపిస్తుంది, పక్కనుంచి చూస్తే తప్పు చదువుతాం. అందుకని నేను లాగటం, మా ఆవిడ వంగి అంకె చదవటం అనుకున్నాం. అత్తగారు లాభం, రెండు చెబుతూ, అయిపోయిన నట్టు మీద తమలపాకు సున్నంతో బొట్టు పెడతారు. మధ్యలోంచి మొదలుపెట్టి బయటికి, మూడు విడతలుగా, ముందు పదిహేను, తర్వాత ముప్పై, చివర నలభై. రెండు విడతలు అయిపోయాయి. మూడో విడతలో ఏడో నట్టు.

"ముప్పై ఎనిమిది... నలభై" అంది మా ఆవిడ. "నలభై రెండు... నలభై ఆరు... ఏమండీ! ఏమండీ!"

'టిక్'.

"నలభై అని చెప్పాను గదండీ!"

"విన్నాను."

"విని కూడా ఎందుకు లాగారు?"

నిజంగానే విన్నాను. చెయ్యి ఆగలేదు.

మేస్త్రీ మళ్ళీ బరమాతో వచ్చాడు. రెంచీని గౌరవంగా చేతిలోకి తీసుకుని, ముల్లును చూసి, "గుమస్తాగారూ, గడియారం సరిగానే ఉంది, మీరే ఆలస్యం!" అన్నాడు. అత్తగారు ఈసారి నవ్వలేదు. పౌర్ణమికి ఇంకా వారమే ఉంది. సాయంత్రం ఆవిడ గేదెల ధరలు ఎవరినో వాకబు చేయటం నా చెవిన పడింది.

జవాబు మర్నాడు మిల్లులో దొరికింది. ఒక పాడిరైతు పత్తిగింజలకు వచ్చాడు. సంచి కాటా మీద పెట్టి, చాటతో గింజలు పోశాను. కాటా పుల్ల సమంగా నిలబడింది. తూకం అయిపోయింది. అయినా నా చెయ్యి దానంతటదే గింజల గుట్టలోకి వెళ్ళి, దోసెడు తీసి సంచిలో వేసింది. పుల్ల అతనివైపు మొగ్గింది. అతను తృప్తిగా సంచి భుజానికెత్తుకున్నాడు.

నేను నా చెయ్యినే చూస్తూ నిలబడిపోయాను. పద్ధెనిమిదేళ్ళుగా అది రోజూ చేస్తున్న పని. పుల్ల సమంగా నిలబడితే దానికి తూకం అయిపోయినట్టు కాదు, కొసరు వెయ్యాల్సిన వేళ అయినట్టు. ముల్లు నలభై మీదికి రాగానే నా చెయ్యి కూడా అదే అనుకుంది. నట్టుకు దోసెడు వేసింది. రెంచి తప్పు చెప్పలేదు, మా ఆవిడ తప్పు చదవలేదు. అంకె దగ్గర ఆగటం నాకెవరూ నేర్పలేదు, అంతే. మా ఊళ్ళో ఎవరికీ నేర్పరు.

ఇంటికి పరుగెత్తుకుంటూ వచ్చి అత్తగారికి చెప్పాను. ఆవిడ ఒప్పుకోలేదు.

"కొసరు వెయ్యకుండా కొలత మూస్తారా ఎక్కడన్నా? అశుభం. మా ఇంట్లో బిచ్చం వేసినా గుప్పెడు మీద చిటికెడు వేస్తాం."

"మనిషికి ఎక్కువిస్తే సంతోషిస్తాడు అత్తయ్యగారూ. నట్టుకు ఎక్కువిస్తే తెగిపోతుంది."

"పసిపిల్ల పాల లాగానా? పొట్ట నిండాక ఇంకొక్క ఉగ్గు పోస్తే తాగినదంతా కక్కుద్ది."

"అచ్చంగా అట్లాగే."

"అయితే ముందే ఆ మాట చెప్పొచ్చు గదా!"

పౌర్ణమికి రెండు రోజుల ముందు మూడోసారి బిగించాం. చివరి విడత మొదలైంది. "లాభం" అన్నారు అత్తగారు. ముల్లు నలభై మీదికి వచ్చింది, మా ఆవిడ "నలభై" అంది, నేను పళ్ళు బిగించి చెయ్యి తీసేశాను. సున్నం బొట్టు పడింది. రెండు. మూడు. ప్రతిసారీ నా మోచెయ్యి ఇంకొంచెం, ఇంకొక్క రవ్వ అని గుంజుతూనే ఉంది. అలవాటు ఎంత బలమైందో అడిగితే పౌన్లలో చెప్పగలను, అయిదారు ఉంటుంది.

పదకొండోది ఇంజను వెనక మూలన, వంగితే తప్ప అందని చోట ఉంది. అన్నీ అయిపోయాయన్న సంతోషంలో నేను కాస్త ఏమరుపాటుగా ఉన్నాను. "నలభై" అంది మా ఆవిడ. చెయ్యి ఆగలేదు.

అప్పుడు ఒక చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. పెళ్ళయిన పన్నెండేళ్ళలో అత్తగారు నన్ను తాకటం అదే మొదలు. మిరపకాయలు ఏరి ఏరి గరుకెక్కిన చెయ్యి. సున్నం నా చొక్కాకు అంటింది.

"చాలు" అన్నారు.

నాకు తెలిసి ఆవిడ ఒక కొలతకు చాలు అనటం ఆ ఒక్కసారే. వెంటనే చెయ్యి తీసేసుకుని, కూతురివైపు తిరిగి గట్టిగా చెప్పారు. "చూశావుగా, నేనే సాక్ష్యం. పదకొండు నట్లకు పదకొండు కొసర్లు. మీ ఆయన బాకీ."

పౌర్ణమి తెల్లవారుజామున బయలుదేరాం. ఏడో మైలు దగ్గర ముగ్గురం మాట్లాడటం మానేశాం. ఎనిమిదో మైలు రాయి దాటగానే ముగ్గురం ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టాం. చిలకలూరిపేట దగ్గర అత్తగారు కారు ఆపించి, తెలిసినవాళ్ళ కొట్టు ముందు దిగి, మంచినీళ్ళు తాగి మళ్ళీ ఎక్కారు. దాహం లేదు, దిగటం అందరూ చూడాలని. ఒంగోలు దాటాక గాలిలో ఉప్పు తెలిసింది. సింగరాయకొండలో కొండెక్కి దర్శనం చేసుకుని, ఇసుక దారిలో కారు వెళ్ళగలిగినంత దూరం వెళ్ళి ఆపాను.

ఆవిడ బిందె చంకన పెట్టుకుని నీళ్ళ అంచుదాకా నడిచి, అక్కడ నిలబడిపోయారు. అల వచ్చి పాదాలు తడిపి వెళ్ళిపోయింది. ఇంకొకటి వచ్చింది. అది అయిపోయిందనుకునేలోగా దాని వెనక చిన్నది ఇంకొకటి వచ్చి ఆవిడ చీర కుచ్చెళ్ళు తడిపింది. ఆవిడ ఒక్కసారి పకపకా నవ్వారు. చిన్నపిల్లలు కూడా అలా నవ్వగా నేను వినలేదు.

"చూడవే, చూడవే! కొలిచి పోసి మళ్ళీ కొసరు వేస్తోంది! ప్రతిదానికీ వేస్తోంది!"

ఆ రోజు ఆవిడ ఎన్ని మునకలు వేశారో నేను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టాలని కూడా తోచలేదు.

సాయంత్రానికి ఇల్లు చేరాం. కొత్త గ్యాస్కెట్టు మొదటి ప్రయాణంలో అణుగుతుంది కాబట్టి, ఇంజను పూర్తిగా చల్లారాక నట్లన్నీ మళ్ళీ నలభైకి సరిచూడమని పుస్తకం చెప్పింది. మర్నాడు పొద్దున రెంచి తీశాను. కారుకు పక్కనే అత్తగారు సున్నం డబ్బాతో సిద్ధంగా ఉన్నారు. మేస్త్రీ కూడా వచ్చి గోడకు చేరబడి చూశాడు. పదకొండు అయ్యాక, "ఏదండీ, ఒకసారి ఇటివ్వండి ఆ గడియారం" అని తీసుకుని, తన షెడ్డుకు పట్టుకెళ్ళి, సాయంత్రానికి గానీ తిరిగివ్వలేదు. తర్వాత వారానికోసారి ఎవరో ఒకరి కారు కోసం వచ్చి అడిగేవాడు.

"మొన్న పదకొండు, ఇవాళ పదకొండు" అన్నారు అత్తగారు ఆ పొద్దునే, చివరి బొట్టు పెట్టి. "ఇరవై రెండు."

కారు ఇప్పుడు మా దగ్గర లేదు. గేదెలను మాత్రం కొనలేదు. సముద్రపు నీళ్ళు తెచ్చిన బిందె ఉంది, రెంచి ఉంది. అప్పుడప్పుడూ రాళ్ళు వేలాడదీసి చూస్తుంటాను, ముల్లు నలభై మీదే నిలబడుతుంది. మిల్లులో పత్తిగింజలు కొనటానికి వచ్చినవాళ్ళకు దోసెడు కొసరు మానలేదు. ఏది నట్టో, ఎవరు మనిషో నా చేతికి ఇప్పుడు తెలుసు.

అత్తగారికి డెబ్బై దగ్గరపడ్డాయి. మిరప సాగు కౌలుకిచ్చి ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నారు. కార్తీకం వచ్చిందంటే అరుగు మీద కూర్చుని, వీధిలో నలుగురు ఉన్నప్పుడు చూసి మరీ గట్టిగా అడుగుతారు.

"అల్లుడుగారూ, బాకీ ఎంతయిందండీ?"

ఆ కారు ఉన్నన్నాళ్ళలో హెడ్డు నట్లను నలభైకి తెచ్చి ఆపింది పన్నెండుసార్లు. ఆ మూడింటి తర్వాత విరిగిన స్టడ్లు లేవు. ఒక్క నట్టుకు కూడా కొసరు వెయ్యలేదు. ఆవిడ అడిగినప్పుడల్లా నేను లేచి నిలబడి, మిల్లులో తూకం చెప్పినంత గట్టిగా చెబుతాను.

"నూట ముప్పై రెండు."